ఏటూరునాగారపు చలి - గటకకుండ వేడి

హేమంతమును వర్ణింపని ప్రబంధకవి లేడు. మంచు గప్పిన తామరకొలనులు, కుఱుచ పగళ్ళు, దీర్ఘరాత్రులు, కంబళ్ళ మాటున ముడుచుకొనిన బాటసారులు కావ్యములలో విరివిగా కనుపింతురు. కాని ఆ చలిలో ఒక గృహస్థుని వంటయింట నేమి యుడుకుచున్నదో తొంగిచూచిన కవులు మిక్కిలి అరుదు. అట్టి అరుదైనవారిలో శ్రీకృష్ణదేవరాయలు అగ్రగణ్యుడు. 'ఆముక్తమాల్యద'లో విల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున నొకరీతిగను, వేసవిలో మరియొకరీతిగను, శీతకాలమున వేరొకరీతిగను అన్నము పెట్టును. శీతకాలపు విస్తరిలో సువాసన గల క్రొత్తబియ్యపుటన్నము, మిరియపుపొడి తగిలిన పొగలాఱని కూరలు, ముక్కు నదరగొట్టు ఆవపెట్టిన పచ్చళ్ళు, పాయసము, ఊరగాయలు, కాగిన నేయి, పాలు ఉన్నవి. 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన చక్రవర్తి ఒక భాగవతుని వంటయింటిని ఇంత నిశితముగా చూచుట ఆశ్చర్యము గొలుపును.

ఆ విస్తరిలో లేని వస్తువు నొకదానిని విద్యార్థులు గమనింపవలెను. అది మిరపకాయ. అమెరికా ఖండములో పుట్టిన ఆ కాయ పోర్చుగీసు నావికుల వెంట పడమటి తీరమున దిగి, తెలుగు వంటయిండ్లలోనికి వచ్చుటకు ఇంకను కాలము పట్టినది. అంతవరకు నాలుకను చుఱుక్కుమనిపించి, దేహమునకు వెచ్చదనము నిచ్చు పనిని మిరియము, ఆవాలు, అల్లము, శొంఠి నిర్వహించుచుండెను. నేడు మిరప లేని చలికాలపు వంటను ఊహింపజాలని సీమలు తెలుగునాట ననేకములు గలవు. వానిలో ఏటూరునాగారము ఒకటి.

ఏటూరునాగారము గోదావరికి కుడిగట్టున నున్నది. చిరకాలము వరంగల్లు జిల్లాకు ఈశాన్యపు కొసగా నుండి, 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను, 2019లో ములుగు జిల్లాలోను చేరినది. ఒకవైపు నది, మూడువైపుల అడవి. టేకు, వెదురు, నల్లమద్ది, తునికి, ఇప్ప మొదలగు వృక్షములతో నిండిన ఈ అరణ్యమును 1952లో అభయారణ్యముగా ప్రకటించిరి. కోయలు, నాయకపోడులు ఈ అడవికి అనాదివాసులు. వారి అభ్యుదయము కొఱకేర్పడిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు ఏటూరునాగారమే కేంద్రము. నది ఒండ్రు పేరిన నేలలలో మిరపతోటలు, ఎగువన జొన్న, మొక్కజొన్న, పెసర, చెఱువుల క్రింద వరి. ఈ పంటలన్నిటిని ప్రక్కప్రక్కనే పెట్టి చూచినచో ఇచ్చటి చలికాలపు విస్తరి సగము తెలిసిపోవును.

ఈ సీమలో చలి మెల్లగా వచ్చి గట్టిగా కూర్చుండును. మార్గశిరమున తెల్లవాఱుజామున నదిమీద లేచిన పొగమంచు తోటలమీదుగా ప్రాకి, ప్రొద్దెక్కిన పిదపగాని విడిపోదు. సాయంకాలము అడవినీడ ముందుగా పడును గనుక ప్రొద్దు క్రుంకకముందే చలి మొదలగును. మాఘమున మ్రాకులు వణకునని సామెత. చెట్లే వణకునప్పుడు పూరింటిలోని పసిపిల్లల మాట చెప్పనేల? అట్టి దినములలో మూడురాళ్ళ పొయ్యి వంటకు మాత్రమే గాదు. అది ఇంటిల్లిపాదికి దుప్పటి. రాత్రి భోజనములైన పిదప నిప్పులను బూడిదతో కప్పి, దానిమీద ఒక కుండ నుంచి, దాని చుట్టును పండుకొందురు. తెల్లవాఱునప్పటికి ఆ కుండలో నున్నది గోరువెచ్చగా నుండును. చలికాలపు వంటలో సగము పాకశాస్త్రము ఆ నిప్పును పొదుపుగా వాడుటలోనే యున్నది.

ఆ కుండలలో పెద్దది గటకకుండ. గటక చేయు విధము చెప్పుటకు సులభము. చేయుటకు ఓర్పు కావలెను. జొన్నలమీద నీళ్ళు చిలుకరించి, రోట దంచి, చేట చెఱిగి, పైపొట్టు తీయుదురు. పిదప విసుఱురాతిలో బరకగా విసరి జల్లించి, మెత్తని పిండిని రొట్టెలకు వేరుచేసి, రవ్వను గటకకు ఉంచుకొందురు. ఒకవంతు రవ్వకు మూడు నాలుగు వంతుల నీళ్ళు ఎసరు పెట్టి, ఉప్పు వేసి, ఎసరు తెర్లినపుడు ఒకచేత రవ్వను ధారగా పోయుచు, మఱొకచేత తెడ్డుతో కలుపుదురు. చేయి ఆగినచో ఉండకట్టును. మంట పెంచినచో అడుగంటును. మంట తగ్గించి, మూతపెట్టి, నిప్పులమీద మగ్గనిచ్చిన పిదప దించుదురు. వేడి గటకను పళ్ళెములో పెట్టి, నడుమ గుంట చేసి, పప్పో పచ్చిపులుసో చల్లయో పోసికొని తినుదురు. ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి కలిపి నూరిన కారము ప్రక్కన నుండవలెను.

చిక్కని గటక త్వరగా చల్లారదు. పలుచని చారులో వేడి పైకి క్రిందికి తిరుగుచు ఆవిరియై పోవును. ఉడికిన పిండిపదార్థము నీటిని బంధించిన గటకలో వేడికి అట్టి దారి లేదు. అంచులు చల్లారినను నడుమ కాలుచునే యుండును. అందువలననే గటకను అంచునుండి తినవలెనని పెద్దలు పిల్లలకు నేర్పుదురు. చేను పనికి పోవువాడు ప్రొద్దుట తిన్న గటక మధ్యాహ్నము వరకు ఆకలిని ఆపును. మిగిలిన గటకను చల్లలో పిసికి మఱునాడు త్రాగుదురు. పిండిని పులిసిన కలిలో కలిపి పలుచగా కాచినది అంబలి. అంబలి ఎండకాలపు నేస్తము; గటక చలికాలపు చుట్టము.

రొట్టెలోను ఇట్టి మెలకువయే కలదు. గోధుమపిండిలో నున్న సాగెడి జిగురు జొన్నపిండికి లేదు. అందుచేత జొన్నపిండిని మరిగిన నీటితో కలుపుదురు. ఆ వేడికి పిండి కొంత ఉడికి బంక యేర్పడును. అప్పుడుగాని అఱచేతులమధ్య తట్టిన రొట్టె విరుగక నిలువదు. శాస్త్రపాఠము చదువని గృహిణి ఈ విషయమును తన తల్లి చేతినుండి నేర్చుకొనినది.

జొన్నను తెలుగు కవులు అందఱును ఆదరింపలేదు. సన్నన్నమునకు మరగిన శ్రీనాథుడు పల్నాటిసీమలో జొన్నకూటిని చూచి విసిగి చాటువులు చెప్పెనని ప్రసిద్ధి. సార్వభౌముని నాలుకకు రుచింపకపోయినను, వానమీద నాధారపడిన మెట్టసీమల నన్నిటిని పోషించినది జొన్నయే. ఈ ధాన్యము ఈశాన్య ఆఫ్రికాలో పుట్టి, వేల యేండ్ల క్రిందట భారతదేశమునకు వచ్చినది. మొక్కజొన్న అట్లుగాదు, అది మిరపతోబాటు అమెరికానుండి వచ్చిన క్రొత్త చుట్టము. నేడు తెలంగాణమున మక్కగటక తాతలనాటిదని చెప్పుకొనుచున్నను, తాతల తాతలకు అది తెలియదు. వేరుసెనగయు అట్టిదే. ఉలవ, నువ్వు మాత్రము ఈ దేశపు మట్టిలో పుట్టి పెరిగినవి. ఒక చలిరాత్రి ఏటూరునాగారములో ఒక పళ్ళెమునందు ఆఫ్రికా, అమెరికా, భారతదేశము కలిసికొనుచున్నవి. ఇంటివంట యనగా మార్పులేనిదని తలచుట పొరపాటు. అది వచ్చినదాని నెల్ల పరీక్షించి, నిలుపదగినదానిని నిలుపుకొనినది.

చలిదేశములలో నెల్ల ఇట్టి జావలే జనులను కాచినవి. స్కాట్లండువారికి ఓట్ల గంజి. ఉత్తర ఇటలీ రైతులకు మొక్కజొన్న పిండితో చేసిన పొలెంటా. చీనాలో పండ్రెండవ చాంద్రమాసమున ఎనిమిదవనాడు పలు ధాన్యములు, పప్పుగింజలు కలిపి కాచుకొను జావ. ఆ ఇటలీ కథలో ఒక గొప్ప హెచ్చరిక యున్నది. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దములలో ఆ రైతులు దారిద్ర్యముచేత పొలెంటా తప్ప మఱేమియు తినజాలక పెల్లాగ్రా యను వ్యాధి వాతబడిరి. ఎండ తగులు చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టుకొనును, తుదకు మతి చలించును. నయాసిన్ అను విటమిను లోపమే దీనికి మూలమని 1937 తరువాతగాని స్పష్టము కాలేదు. మొక్కజొన్నకు పుట్టినిల్లయిన మెక్సికోలో ఈ వ్యాధి అంతగా లేదు. అచ్చటి స్త్రీలు గింజలను సున్నపునీటిలో ఉడికించి నూరుదురు. ఆ పద్ధతిలో గింజయందు చిక్కుకొనియున్న విటమిను విడుదలయగును. గింజ సముద్రము దాటి వచ్చినది. వండు విధము మాత్రము దానివెంట రాలేదు.

ఈ వ్యాధి దక్కనుకును తెలిసినదే. జొన్నయే ప్రధానాహారముగా గల పేదలలో పెల్లాగ్రా కనబడుచుండెను. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అదియే తరువాత జాతీయ పోషకాహార సంస్థ యైనది. అచ్చటి డాక్టరు గోపాలన్ తన సహచరునితో కలిసి ఈ సమస్యను పరిశోధించి, జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ అను పదార్థమునకును ఈ వ్యాధికిని సంబంధము కలదని 1960లో ప్రతిపాదించెను. ఆ కారణముపై తరువాత శాస్త్రజ్ఞులలో చర్చ జరిగినను, ఒక్క విషయము నిర్వివాదము: జొన్న యొక్కటియే ఆహారము కాజాలదు. దానికి తోడు కావలెను.

ఇంటివంటల విలువ ఇచ్చట తెలియును. ఏటూరునాగారపు గృహిణి గటకను ఒంటరిగా ఎన్నడును పెట్టదలచలేదు. గటకకు పప్పు, రొట్టెకు ఆకుకూర, పిండికి పల్లీలు, చారుకు ఉలవ - ఈ జతలు ఆమెకు రుచి పేర వచ్చినవి. దేహమునకు రక్షగా పనిచేసినవి. వేరుసెనగలో నయాసిన్ సమృద్ధిగా నున్నదని ఆమె యెఱుగదు. పల్లీలు లేని సర్వపిండి చప్పగా నుండునని మాత్రము ఎఱుగును. కఱవులో ఈ జతలు విడిపోయినపుడే గటక ఆకలికి మాఱుపేరైనది.

సర్వపిండి ఓరుగంటి సీమకు గర్వకారణమైన వంట. దీనినే సర్వప్ప, గిన్నప్ప, తపాలచెక్క అని ఊరికొక పేరున పిలుతురు. ఈ పేర్లన్నియు పాత్రను బట్టి వచ్చినవే. సర్వ యన్నను, గిన్నె యన్నను, తపాల యన్నను వండు పాత్రయే. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, జీలకఱ్ఱ, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఉల్లికాడలు, కారము, ఉప్పు కలిపి, వెచ్చని నీటితో గట్టిగా పిసుకుదురు. లోతైన మందపు గిన్నెకు లోపల నూనె రాచి, పిండిముద్దను అడుగునను అంచులవెంటను పలుచగా అద్ది, వ్రేలితో అక్కడక్కడ చిల్లులు పొడిచి, ఆ చిల్లులలో నూనె చుక్కలు వేయుదురు. మూతపెట్టి సన్నని సెగమీద నుంచినచో క్రిందిభాగము ఎఱ్ఱగా కాలి కరకరలాడును. పైభాగము ఆవిరికి మెత్తగా ఉడుకును.

ఇందులో నొక చిక్కు గలదు. ఒక సర్వపిండి దిగిన వెంటనే రెండవదానిని ఆ గిన్నెలో అద్దుటకు వీలులేదు, చేయి కాలును. గిన్నెను నీళ్ళతో చల్లార్చి, తుడిచి, మఱల మొదలుపెట్టవలెను. అందుచేత ఒక గిన్నె గల ఇంటిలో ఐదుగురికి సర్వపిండి కావలెనన్న సాయంకాలమంతయు పట్టును. దిగినదానిని దిగినట్లు తుంచి పంచుకొందురు. తరువాతిదానికై పొయ్యిచుట్టు కూర్చుండి ఎదురుచూతురు. ఆ ఎదురుచూపులోనే కథలు, పొడుపుకథలు, చుట్టాల కబుర్లు, చిన్నవారి జగడములు నడచును. చలిరాత్రిని గడుపుటకు ఇంతకంటె తగిన వంట మఱొకటి లేదు.

ఉలవల వంటలో పశువునకును మనుష్యునకును పాలు గలవు. రాత్రి నానిన ఉలవలను పెద్దకుండలో, తఱుగుచున్న కొలది నీళ్ళు పోయుచు, గంటలకొలది ఉడికింతురు. ఉడికిన గింజ దుక్కిటెద్దులకు. దాని కట్టు ఇంటివారికి. ఆ కట్టులో చింతపండుపులుసు, ఉల్లిపాయలు, మిరపకాయలు, ఉప్పు వేసి చిక్కబడువఱకు కాచి, ఆవాలు, జీలకఱ్ఱ, వెల్లుల్లి, కరివేపాకుతో తిరుగబోసిన యెడల ఉలవచారు సిద్ధమగును. దుక్కిలో ఎద్దు బలమును, పొయ్యిదగ్గఱ పిల్లవాని బలమును ఒకే కుండనుండి వచ్చుచుండెను. ఉలవలను గాని అనుములను గాని విడిగా ఉడికించి, ఉప్పు, ఉల్లి చేర్చి తాలింపు వేసిన గుడాలు సాయంకాలపు చిరుతిండి. జలుబు చేసినవానికి మిరియాలచారు, బాలింతకు శొంఠి ఈనాటికిని మానలేదు. మిరప వచ్చి సింహాసన మెక్కినను మిరియము వైద్యుని పీటను విడువలేదు.

కోయల యిండ్లలో చలికాలపు ఆహారము అడవితో ముడివడియున్నది. ఫాల్గుణ చైత్రములలో తెల్లవాఱుజామున ఇప్పచెట్లక్రింద రాలిన పువ్వును స్త్రీలు, పిల్లలు ఏఱుకొని, ఎండబెట్టి, దాచుదురు. ఎండిన పువ్వు ద్రాక్షవలె ముడుచుకొని తీయగా నుండును. దానిని దోరగా వేచి, నువ్వులతో కలిపి దంచి, ఉండలు చుట్టినచో అది చలికాలపు బలము. బయటివారికి ఇప్పపువ్వనగానే సారాయి మాత్రమే జ్ఞప్తికి వచ్చును. ఆ పువ్వు ఒక తీపిధాన్యమని, కఱవునాటి నేస్తమని వారు తెలిసికొనలేదు. వానకాలపు వెదురుకొమ్ములను సన్నగా తఱిగి ఎండబెట్టి దాచుకొందురు. దుంపలను త్రవ్వి తెచ్చుకొందురు. ఈ సరకును కొనుటకు గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినది. అడవి ఫలసాయముపై అడవివాసులకు గల హక్కును 2006నాటి అటవీహక్కుల చట్టము గుర్తించినది. కాని చట్టము చెట్టుమీద హక్కు నీయగలదు. ఆ చెట్టు పువ్వును వండు నేర్పును తల్లియే ఈయవలెను.

పుష్యమాసపు నడుమ సంక్రాంతి వచ్చును. క్రొత్తబియ్యము నానబోసి, తడిపిండి కొట్టి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పఱచిన గుడ్డమీద వ్రేళ్ళతో వలయములుగా చుట్టి, నూనెలో వేచిన సకినాలు ఈ పండుగకు తప్పనిసరి. ఒక యింటి సకినాలను ఆ యింటివారే చుట్టుకొనుట వాడుక కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి చుట్టిపోవుదురు. వారియింటికి వీరు పోవుదురు. నువ్వులు, బెల్లము కలిపిన ఉండలు ఈ దినములలో ప్రతి యింటను ఉండును. హేమంతమున జఠరాగ్ని బలముగా నుండును గనుక జిడ్డు, తీపి గల బలవర్ధకములను తినవలెనని ఆయుర్వేదము ఋతుచర్యలో విధించినది. శాస్త్రము విధించినదానిని పండుగ రుచికరము చేసినది. మాఘపున్నమికి రెండేండ్లకొకమాఱు ఏటూరునాగారమునకు చేరువనున్న మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. అచ్చట భక్తులు నిలువెత్తు బంగారమని సమర్పించునది బెల్లమే. అడవితల్లులకు తగిన బంగారమిదియేనని నిర్ణయించిన జనులు, చలికాలమున దేనికి ఎంత విలువయో బాగుగ నెఱిగినవారు.

ఇంతవఱకు చెప్పినదంతయు ఈనాడు ప్రతి యింటను జరుగుచున్నదని భావింపరాదు. 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యము పంచు పథకము వచ్చినది. అది పేదల ఆకలిని తీర్చిన మహోపకారము. ఆకలి నెఱిగినవారెవ్వరును దానిని తక్కువ చేసి మాటాడరు. 2025లో తెలంగాణ ప్రభుత్వము సన్నబియ్యమునే పంచ నారంభించినది. బియ్యము ఇంటికి వచ్చినపుడు తెల్లవాఱుజామున చల్లని విసుఱురాతిముందు కూర్చుండి జొన్నలు విసరవలసిన పని స్త్రీకి తప్పినది. ఆ శ్రమను మఱల ఆమె నెత్తిన పెట్టవలెనని కోరుట అన్యాయము. 1999లో దీపము పథకముతోను, 2016లో ఉజ్జ్వల పథకముతోను వంటవాయువు పల్లెలకు వచ్చి, పొగచేత కన్నులు చెడగొట్టుకొను దుఃఖమును తగ్గించినది. కాని రాత్రియంతయు నిప్పులమీద మగ్గు కుండకు వాయువు పొయ్యిలో చోటులేదు. మొక్కజొన్న కోళ్ళదాణాకును, మిరప వరంగల్లు ఎనుమాముల విపణికిని పోవుచున్నవి. ఎఱ్ఱగా, బొద్దుగా, కారము తక్కువగా నుండు ఈ ప్రాంతపు చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. మిరపకు గుర్తింపు వచ్చినందుకు సంతోషింపవలసినదే. ఆ మిరపతో నూరిన కారమును ఏ వంటకు ప్రక్కన పెట్టవలెనో తెలిసినవారు తగ్గిపోవుచున్నారు.

శ్రమ తగ్గుట మేలు. బియ్యము వచ్చుట మేలు. కీడు మఱియొకచోట జరిగినది. గటక యన్న మాట నామోషీ యైనది. ఆశ్రమపాఠశాలలో చదువు పిల్ల సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చును. అవ్వ గటకకుండను చాటున పెట్టి, పిల్లకు అన్నము వడ్డించును. చదువుకొనిన పిల్లకు గటక పెట్టినచో చిన్నతనమని ఆమె భయము. పిల్లకు అది ఎట్లు వండుదురో తెలియదు. అడుగవలెనన్న తలంపు రాదు. ఈ విధముగా రెండు తరములు గడచినచో ఒక వంట ఎవ్వరును నిషేధింపకయే నశించును. ఈలోగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నగరములలో జొన్నపిండి పొట్లములు బియ్యముకంటె హెచ్చుధరకు అమ్ముడుపోవుచున్నవి. పేదవాడు సిగ్గుపడి విడిచినదానిని ధనికుడు వైద్యుని మాటపై కొనుక్కొనుచున్నాడు. అవ్వ చాటున దాచిన కుండయు, అంగడిలో అద్దపు బీరువాలో పెట్టిన పొట్లమును ఒకే గింజ.

ఈ సందర్భమున ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి గలదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధములను విడిచి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏయే ఆటలాడిరి యని కావ్యములనుండి ఏఱి కూర్చిరి. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఓరుగంటి పూటకూళ్ళయింట ఏమేమి వడ్డించెడివారో 'క్రీడాభిరామము' వలననే నేటికి తెలియుచున్నది. ఆనాడు ఒక కవి ఓపికతో వ్రాసిపెట్టకపోయిన, ఆ భోజనము ఆ దినమే అరిగిపోయెడిది. కోయయింటి ఇప్పపువ్వు ఉండకు, కాపుయింటి ఉలవచారుకు అట్టి కవి యింకను దొరకలేదు. కాని బడి యున్నది; పలకయు పుస్తకమును ఉన్నవి; ఇంటిలో అవ్వ యున్నది.

సంక్రాంతి సెలవులలో ప్రతి విద్యార్థియు తన యింటి చలికాలపు వంట నొకదానిని అడిగి వ్రాసికొని రావలెనని విధించినచో చాలును. ఏమేమి వేయుదురు? ఎంత వేయుదురు? ఎంతసేపు, ఏ నిప్పుపై వండుదురు? ఎవరివద్ద నేర్చుకొనిరి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయుటలో గణితము, విజ్ఞానము, చరిత్ర, భాష నాలుగును కలిసి వచ్చును. అవ్వ సోలెడు రవ్వ యనును. నాలుగు గిద్దెలు సోల యనియు, రెండు సోలలు తవ్వ యనియు, రెండు తవ్వలు మానిక యనియు పిల్లవాడు నేర్చుకొనును. చిటికెడు, పిడికెడు, దోసెడు అను కొలతలలో అవ్వ చేయియే కొలపాత్ర యని గ్రహించును. దోరగా వేచుట, బరకగా విసరుట, మగ్గనిచ్చుట, తిరుగబోత పెట్టుట, ఎసరు తెర్లుట - ఈ మాటలకు నిఘంటువులో అర్థము దొరకును; పొయ్యిదగ్గఱ రూపము దొరకును. వంట పోయినచో ఈ మాటలును పోవును. తెడ్డు త్రిప్పువారు లేని యింట ఉండకట్టుట యన్న మాటకు పని యేమున్నది?

ఆ వ్రాతపుస్తకములు తరగతిలో చదివించినపుడు మఱొక మేలును జరుగును. గటక మా యింటను వండుదురని ఒకడు చెప్పినచో, దాచుకొనియున్న పదిమంది నోళ్ళు తెఱచుకొనును. కోయపిల్లవాడు ఇప్పపువ్వు ఉండను గూర్చి చెప్పునపుడు తక్కినవారు శిష్యులగుదురు. ఉపాధ్యాయుడును శిష్యుడగును. సిగ్గు పోవుటకు ఉపన్యాసముకంటె ఇది సులభమైన మార్గము.

ఏటూరునాగారపు అవ్వలకు అన్నిటికంటె ఇష్టమైన ప్రశ్న ఆకలి యెట్లున్నదని కాదు, ఎట్లు వండెదవని. ఈ పుష్యమాసమున ఏ మనుమరాలైనను కాగితము, కలము పట్టుకొని పొయ్యిదగ్గఱకు వచ్చి ఆ ప్రశ్న అడిగినచో, చాటుననున్న కుండ తనంతట తానే ముందుకు వచ్చును. మొదటి జవాబు మాత్రము ముందుగనే తెలిసినది: ముందు ఎసరు పెట్టుము.